ఫోన్ తాకించినా డబ్బు వెళ్ళలేదా? వద్దన్నది ఎవరో ముందు తేల్చుకోండి

గూగుల్ పేలోనో, శామ్‌సంగ్ వ్యాలెట్‌లోనో కార్డు పెట్టుకుని, సూపర్ మార్కెట్ కౌంటర్ దగ్గర ఫోన్‌ను కార్డు మెషీన్‌కు తాకిస్తే (ట్యాప్ చేస్తే) ఉలుకూ పలుకూ ఉండదు. తిప్పి తాకించినా అంతే. వెనక వరుసలో ఉన్నవాళ్ళు దగ్గడం మొదలుపెడతారు. అప్పుడు చాలామంది చేసే పని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కనబడిన ప్రతి బటన్‌నూ నొక్కడం. దీనివల్ల ఉన్న సమస్య తీరకపోగా కొత్తది ఒకటి చేరుతుంది. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: వద్దన్నది ఫోనా, మెషీనా, బ్యాంకా?

ట్యాప్ చేసిన క్షణంలో ఫోన్ మెషీన్‌కు రెండు అందిస్తుంది. ఒకటి కార్డు నంబరుకు బదులుగా వాడే టోకెన్ నంబరు. రెండోది ఆ ఒక్కసారికే చెల్లే కోడ్. మెషీన్ వాటిని బ్యాంకుకు చేరవేస్తుంది. సరే అనాలన్నా, కాదనాలన్నా ఆ పని బ్యాంకుదే. కాబట్టి ఫోన్ తెర మీద టిక్ గుర్తు వచ్చిందంటే ఫోన్ తన వంతు అందించిందని మాత్రమే అర్థం. డబ్బు కట్టినట్టు కాదు. కౌంటర్ల దగ్గర జరిగే గొడవల్లో సగం ఈ టిక్ గుర్తు పుణ్యమే.

ఇప్పుడు మీ ముందు ఏం జరిగిందో చూడండి. ఫోన్ వణకలేదు, మెషీన్ కూతా పెట్టలేదు అంటే రెండింటికీ అసలు మాట కలవలేదు. తప్పు ఫోన్‌లోనో, పట్టుకున్న తీరులోనో ఉంది. ఫోన్ టిక్ చూపించి, మెషీన్ వెంటనే 'డిక్లైన్డ్' అందంటే కాదన్నది బ్యాంకు. ఫోన్ టిక్ చూపించాక మెషీన్ 'ప్రాసెసింగ్' అంటూ తిరుగుతూ ఉండిపోతే మెషీన్‌కు నెట్ లేదు.

ఇంకా తేలకపోతే దగ్గరి దారి ఒకటుంది. అదే ప్లాస్టిక్ కార్డును అదే మెషీన్‌కు తాకించండి. లోపల దూర్చకూడదు, తాకించాలి. కార్డు పనిచేసి ఫోన్ పనిచేయకపోతే లోపం ఫోన్‌లోనో, అందులోని టోకెన్‌లోనో ఉంది. కార్డును కూడా లోపల పెట్టమని మెషీన్ అడిగితే మీ కార్డుకు కాంటాక్ట్‌లెస్ (తాకించి కట్టే వీలు) ఆపేసి ఉండాలి, లేదా ఆ మెషీన్‌లోనే ట్యాప్ పనిచేయకపోవాలి. మీ వెనకవాళ్ళు ట్యాప్ చేసి కట్టేసి వెళ్ళిపోతే మెషీన్ బాగానే ఉన్నట్టు.

ఇక్కడ చెబుతున్నది క్రెడిట్, డెబిట్ కార్డును గూగుల్ పే లేదా శామ్‌సంగ్ వ్యాలెట్‌లో పెట్టుకుని, కార్డు మెషీన్ దగ్గర ఫోన్ తాకించే పద్ధతి గురించి. యూపీఐలోనూ ట్యాప్ ఉంది. దాని తీరు వేరు, దాని గురించి తర్వాత.

ఫోన్ కదలకపోతే

మొదట, ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ, అంటే దగ్గరున్న మెషీన్‌తో తీగ లేకుండా మాట్లాడే భాగం, ఉందా? మన దగ్గర అమ్ముడయ్యే తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఆ భాగమే ఉండదు. సెట్టింగ్స్ తెరిచి పైనున్న వెతుకుడు పెట్టెలో 'ఎన్‌ఎఫ్‌సీ' అని ఇంగ్లీషులో కొట్టండి. ఏమీ రాకపోతే ఆ ఫోన్‌తో కార్డు ట్యాప్ కుదరదు. యాప్ వేసుకుంటే వచ్చేది కాదు అది. ఒకే మోడల్ పేరుతో విదేశాల్లో అమ్మే ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ ఉండి, ఇక్కడ అమ్మే దాంట్లో లేకపోవడమూ ఉంటుంది. యూట్యూబ్ వీడియో చూసి కొనేముందు పెట్టె మీదున్న వివరాలు చదవండి.

ఉంటే ఆన్‌లో ఉందో లేదో చూడండి. శామ్‌సంగ్‌లో సెట్టింగ్స్, కనెక్షన్స్, 'ఎన్‌ఎఫ్‌సీ అండ్ కాంటాక్ట్‌లెస్ పేమెంట్స్' వరుసలో వెళ్ళాలి. పిక్సెల్, మోటో లాంటి వాటిలో 'కనెక్టెడ్ డివైసెస్' కింద 'కనెక్షన్ ప్రిఫరెన్సెస్'లో ఉంటుంది. షియోమీ, రెడ్‌మీ, పోకోలలో 'కనెక్షన్ అండ్ షేరింగ్'లో. పేర్లు వెర్షన్‌ను బట్టి కొంచెం మారతాయి. దొరక్కపోతే మళ్ళీ అదే వెతుకుడు పెట్టె. కొన్ని ఫోన్లలో ఎయిర్‌ప్లేన్ మోడ్ పెడితే ఎన్‌ఎఫ్‌సీ ఆగిపోతుంది. బ్యాటరీ సేవర్ బాగా బిగించి పెట్టినప్పుడూ అంతే. విమానం దిగి నేరుగా కాఫీ కౌంటర్‌కు వెళ్ళేవాళ్ళకు ఇది తరచుగా ఎదురవుతుంది.

ఆన్‌లోనే ఉందనుకోండి. ఎన్‌ఎఫ్‌సీ పనిచేస్తోందో లేదో ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. వైఫై గుర్తును పక్కకు తిప్పినట్టు నాలుగు వంపు గీతలున్న బ్యాంకు కార్డును గానీ, హైదరాబాద్ మెట్రో స్మార్ట్ కార్డును గానీ తీసుకోండి. ఫోన్ లాక్ తీసి, హోమ్ స్క్రీన్ మీద ఉంచి, కార్డును ఫోన్ వెనక పై అంచు నుంచి కిందికి మెల్లగా జరపండి. ఒకచోట ఫోన్ చిన్న శబ్దం చేస్తుంది, లేదా వణుకుతుంది, లేదా 'ఈ ట్యాగ్‌కు సరిపడే యాప్ లేదు' అంటుంది. ఆ శబ్దం వస్తే భాగం బాగుంది. ఏ చోట వచ్చిందో ఆ చోటే యాంటెన్నా ఉంది. రేపు మెషీన్‌కు తాకించాల్సింది ఫోన్‌లోని ఆ భాగాన్నే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అది కెమెరా పక్కనో, వీపు మధ్యలోనో ఉంటుంది. ఐఫోన్‌లలో పై అంచున ఉంటుంది.

ఒక హెచ్చరిక. ఈ పరీక్ష మీ అంతట మీరు చేసుకునేది. ఎవరో ఫోన్ చేసి, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని చెప్పి, ఒక యాప్ వేయించి, 'వెరిఫికేషన్ కోసం కార్డును ఫోన్ వెనక పెట్టి పిన్ కొట్టండి' అంటే అది మోసం. అలాంటి యాప్‌లు మీ కార్డు చెప్పేదాన్ని అక్కడికక్కడే దూరంలో ఉన్న ఇంకో ఫోన్‌కు చేరవేసి, అక్కడ డబ్బు లాగేస్తాయి. ఏ బ్యాంకూ అలా అడగదు.

దూరం, కవరు, వెనక దోపిన కార్డు

ఎన్‌ఎఫ్‌సీ పనిచేసేది మహా అయితే 4 సెంటీమీటర్ల దూరంలో. ఆచరణలో రెండు మూడు సెంటీమీటర్లే అనుకోండి. అంతకంటే దూరం పోకూడదనే అలా చేశారు, అది లోపం కాదు. కాబట్టి మెషీన్ పైన ఫోన్‌ను గాల్లో ఊపితే లాభం లేదు. తాకించి, ఒకటి రెండు సెకన్లు కదపకుండా ఉంచాలి. బ్యాంకు కార్డులాగా టక్కున తాకించి తీసేస్తే మాట మధ్యలో తెగిపోతుంది. అప్పుడు మెషీన్ 'ట్రై అగైన్' అంటుంది.

మెషీన్‌లో ఎక్కడ తాకించాలి అన్నదీ ప్రశ్నే. బటన్లున్న పాత మెషీన్లలో సాధారణంగా తెర మీదే. పెద్ద తెర ఉన్న ఆండ్రాయిడ్ మెషీన్లలో కొన్నింటికి తెర మీద, కొన్నింటికి స్లిప్ వచ్చే ప్రింటర్ మూత మీద, కొన్నింటికి వీపున. నాలుగు వంపు గీతల గుర్తు ఎక్కడుంటే అక్కడ. గుర్తు అరిగిపోతే క్యాషియర్‌ను అడగండి, రోజుకు వందసార్లు చూసేవాళ్ళు వాళ్ళే. అమౌంట్ కొట్టి, తెర మీద 'ట్యాప్' అన్న మాట వచ్చేదాకా ఆగండి. అంతకుముందు తాకిస్తే మెషీన్‌కు మీ ఫోన్ ఉన్నట్టే తెలియదు.

ఇక కవరు. మామూలు రబ్బరు, ప్లాస్టిక్ కవర్ల వల్ల ఇబ్బంది రాదు. చెడగొట్టేది లోహం. కారులో ఫోన్ నిలబెట్టుకోవడానికి కవరు వెనక అంటించే ఇనుప రేకు, వేలికి తగిలించుకునే రింగు, మాగ్నెట్ మూత ఉన్న పర్సు కవరు, ఇవి యాంటెన్నా ఎదురుగా పడితే తరంగాలను మింగేస్తాయి. కవరు తీసి ఒక్కసారి ట్యాప్ చేసి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది.

ఫోన్ కవరు వెనక మెట్రో కార్డు, ఆఫీసు ఐడీ కార్డు, ఇంకో డెబిట్ కార్డు దోపుకోవడం మనవాళ్ళకు బాగా అలవాటు. దానివల్ల రెండు తిప్పలు. ఫోన్ తనకు అంటుకుని ఉన్న కార్డునే మాటిమాటికీ చదవబోయి, ఊరికే శబ్దాలు చేస్తుంది. మెషీన్‌కేమో ఒకేసారి రెండు కార్డులు కనబడి, 'ఒకే కార్డు చూపండి' అంటుంది. ఇంకా ఘోరం, మీరు ఫోన్‌లోని క్రెడిట్ కార్డుతో కడుతున్నాననుకుంటే, వెనకున్న డెబిట్ కార్డు నుంచి డబ్బు కట్ అవుతుంది. మెసేజ్ ఏ ఖాతా నుంచి వచ్చిందో చూస్తే అర్థమవుతుంది. కార్డులు పర్సులో పెట్టుకోండి.

సెట్టింగ్స్‌లో దాగి ఉన్న నాలుగు

యాంటెన్నా బాగుంది, కవరు తీశారు, అయినా మెషీన్ పలకలేదు. అప్పుడు వరుసగా ఇవి చూడండి.

1. డిఫాల్ట్ యాప్. ఎన్‌ఎఫ్‌సీ పేజీలోనే 'కాంటాక్ట్‌లెస్ పేమెంట్స్' అని ఉంటుంది. అందులో మీరు కార్డు పెట్టుకున్న యాప్ ఎంచుకుని ఉండాలి. శామ్‌సంగ్ ఫోన్లలో ఇది ముందే శామ్‌సంగ్ వ్యాలెట్‌కు పెట్టి ఉంటుంది. కార్డేమో గూగుల్ పేలో ఉంటుంది. మెషీన్ అడిగితే ఖాళీ వ్యాలెట్ తెరుచుకుంటుంది. రెండూ వాడేవాళ్ళు 'తెరిచి ఉన్న యాప్‌ను వాడు' అన్న వీలు ఉంటే దాన్ని ఎంచుకుని, కట్టేముందు కావాల్సిన యాప్ తెరిచిపెట్టుకోవాలి.

2. షియోమీ వర్గం ఫోన్లలో 'సెక్యూర్ ఎలిమెంట్ పొజిషన్' అని ఒకటుంటుంది. మెషీన్‌కు జవాబు చెప్పేది ఫోన్‌లో ఎవరో తేల్చే సెట్టింగ్ అది. దాన్ని 'హెచ్‌సీఈ వ్యాలెట్'కు, అంటే యాపే కార్డులా జవాబు చెప్పే పద్ధతికి మార్చాలి. ఫోన్‌లోని చిప్‌కో, సిమ్‌కో పెట్టి ఉంటే, మెషీన్ అడిగిన ప్రశ్న గూగుల్ పే దాకా రాదు. అన్నీ సరిగా ఉండి కూడా ఫోన్ పలకని కేసుల్లో దీని వాటా పెద్దది.

3. బ్యాటరీ ఆంక్షలు. షియోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లను త్వరగా చంపేస్తాయి. యాప్ ఇన్ఫోలో గూగుల్ పేకు బ్యాటరీ 'నో రెస్ట్రిక్షన్స్' అని పెట్టండి. ఆటోస్టార్ట్ ఉంటే ఆన్ చేయండి. 'యాప్ తెరిచి ఉంటే పనిచేస్తుంది, మూసేస్తే పనిచేయదు' అంటే కారణం ఇదే అయ్యుంటుంది.

4. రెండో ప్రొఫైల్. సెకండ్ స్పేస్‌లో, గెస్ట్ యూజర్‌లో, ఆఫీసువాళ్ళు పెట్టిన వర్క్ ప్రొఫైల్‌లో కార్డు పెట్టుకుంటే ట్యాప్ సరిగా నడవదు. అసలు యూజర్‌లోనే పెట్టుకోండి.

స్క్రీన్ లాక్ గురించి విడిగా చెప్పాలి. ట్యాప్ చేసేముందు ఫోన్ లాక్ తీయాలి, వేలిముద్రతో గానీ పిన్‌తో గానీ. ఎవరో చెప్పారని స్క్రీన్ లాక్ పూర్తిగా తీసేస్తే, ట్యాప్ కోసం పెట్టుకున్న కార్డులు ఆ ఫోన్ నుంచి తొలగిపోతాయి. లాక్ మళ్ళీ పెట్టినంత మాత్రాన అవి తిరిగి రావు, ఓటీపీతో మొదటినుంచీ కలుపుకోవాల్సిందే. పిల్లలకు ఆట కోసం లాక్ తీసిచ్చి, మర్నాడు కౌంటర్ దగ్గర తలపట్టుకునేది ఇందుకే.

రూట్ చేసిన ఫోన్, బూట్‌లోడర్ తెరిచిన ఫోన్ (అంటే కంపెనీ పెట్టిన రక్షణ తాళాలు తీసేసినది) అయితే ఇంక ఎంత వెతికినా లాభం లేదు. ప్లే స్టోర్‌లో సెట్టింగ్స్ కింద 'అబౌట్'లో 'ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్' చూడండి. 'డివైస్ ఈజ్ నాట్ సర్టిఫైడ్' అని ఉంటే గూగుల్ పే ట్యాప్‌ను ఒప్పుకోదు. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు అక్కడే తెరిచి చూసుకోవాల్సిన పేజీ ఇది.

కార్డే యాప్‌లోకి రాకపోతే

అన్ని బ్యాంకుల అన్ని కార్డులకూ ట్యాప్ లేదు. బ్యాంకు, కార్డు నెట్‌వర్క్, యాప్ మూడూ ఒప్పుకోవాలి. ఒకే బ్యాంకు ఇచ్చిన రెండు కార్డుల్లో ఒకటి ఎక్కి ఇంకొకటి ఎక్కకపోవడం మామూలే. గూగుల్ పేలో రూపే క్రెడిట్ కార్డు యూపీఐకి కలిసిందంటే, అది మెషీన్ దగ్గర ట్యాప్‌కూ కలిసిందని కాదు. కార్డు వివరాల పేజీలో ట్యాప్ గురించిన మాట ఉందో లేదో చూసుకోండి.

ఇంకో తికమక గూగుల్ వ్యాలెట్. 2024 మేలో అది ఇక్కడికి వచ్చింది టికెట్లు, బోర్డింగ్ పాసులు, గిఫ్ట్ కార్డుల కోసం. చెల్లింపులు గూగుల్ పేలోనే ఉంచారు. విదేశీ వీడియోలు చూసి వ్యాలెట్‌లో కార్డు పెట్టే చోటు కోసం వెతికి విసిగిపోయినవాళ్ళు చాలామంది.

ఓటీపీ దగ్గర ఆగిపోతే బ్యాంకులో పాత నంబరు ఉందేమో చూడండి. ఓటీపీ వచ్చి, కొట్టాక కూడా కాదంటే, ఆ కార్డుకు ఆన్‌లైన్ వాడకం ఆపేసి ఉందేమో బ్యాంకు యాప్‌లో చూడండి. వరుసగా నాలుగైదుసార్లు ప్రయత్నిస్తే బ్యాంకు కాసేపు అడ్డుకుంటుంది. రెండుసార్లు కాకపోతే ఆపి, మర్నాడు చేయడం మంచిది.

ఫోన్ సరే అంది, బ్యాంకు కాదంది

మొట్టమొదట చూడాల్సింది బ్యాంకు యాప్‌లోని స్విచ్. 2020 జనవరిలో ఆర్‌బీఐ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డు మొదట్లో దేశంలోని ఏటీఎంలలో, మెషీన్‌లో కార్డు దూర్చే చోట్ల మాత్రమే పనిచేయాలి. ఆన్‌లైన్, కాంటాక్ట్‌లెస్, విదేశీ వాడకం కావాలంటే మనమే ఆన్ చేసుకోవాలి. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అది అమల్లో ఉంది. కాబట్టి కొత్త కార్డు, గడువు తీరాక వచ్చిన కార్డు, పోయిందని మార్పించుకున్న కార్డు, వీటన్నిటికీ కాంటాక్ట్‌లెస్ ఆఫ్‌లో ఉండే అవకాశం ఎక్కువ. 'నిన్నటిదాకా పనిచేసింది, కొత్త కార్డు వచ్చాక ఆగింది' అన్న మాట వినగానే ఇక్కడికే వెళ్ళండి. బ్యాంకు యాప్‌లో కార్డు ఎంచుకుని, 'మేనేజ్ కార్డ్' లేదా 'కార్డ్ కంట్రోల్స్' లేదా 'లిమిట్స్' అన్న చోట కాంటాక్ట్‌లెస్ ఆన్ చేసి, దాని పక్కనే ఉన్న పరిమితి కూడా చూడండి. స్విచ్ ఆన్‌లో ఉండి పరిమితి సున్నా దగ్గర ఉండటం అరుదేమీ కాదు.

పరిమితి గురించి. పిన్ లేకుండా ట్యాప్‌తో కట్టగలిగేది ఒక్కో బిల్లుకు ₹5,000 దాకా. 2021 జనవరి 1కి ముందు అది ₹2,000. బిల్లు ₹5,000 దాటితే మెషీన్ పిన్ అడుగుతుంది. ఇక్కడ కొట్టాల్సింది ఆ కార్డు పిన్. ఫోన్ పిన్ కాదు, యూపీఐ పిన్ అంతకన్నా కాదు. ఫోన్‌తో కడుతున్నాం కదా అని వేళ్ళు అలవాటుగా యూపీఐ పిన్ కొట్టేస్తాయి. కొన్నిసార్లు తప్పితే బ్యాంకు ఆ కార్డు పిన్‌ను ఆరోజుకు బిగించేస్తుంది. కార్డు పిన్ గుర్తులేకపోతే కౌంటర్ దగ్గర ఊహించి కొట్టకండి, బ్యాంకు యాప్‌లో కొత్తది పెట్టుకోవచ్చు.

₹5,000 లోపు కూడా ఒక్కోసారి పిన్ అడుగుతుంది. ఒకేరోజు ఎక్కువసార్లు ట్యాప్ చేశారనో, మీరు పెట్టుకున్న రోజు పరిమితి దగ్గరపడిందనో బ్యాంకు చేసే పని అది. పిన్ కొడితే సాగిపోతుంది.

మెషీన్ ఇచ్చే స్లిప్ మీద, లేదా తెర మీద రెండంకెల కోడ్ వస్తుంది. క్యాషియర్ 'కావట్లేదండీ' అని మాత్రమే అంటే ఆ అంకెలు అడగండి. కార్డు వ్యవస్థలన్నిటిలోనూ వాటి అర్థం దాదాపు ఒకటే. 51 అంటే డబ్బు చాల్లేదు, క్రెడిట్ కార్డైతే లిమిట్ మిగల్లేదు. 54 అంటే గడువు తీరిన కార్డు. 55 తప్పు పిన్, 75 తప్పు పిన్ మరీ ఎక్కువసార్లు. 57 అంటే ఈ కార్డుకు ఇలాంటి వాడకానికి అనుమతి లేదని, అంటే చాలావరకు పైన చెప్పిన స్విచ్. 61 ఎంత డబ్బన్న పరిమితి దాటింది, 65 ఎన్నిసార్లన్న పరిమితి దాటింది. 91 వస్తే మీ బ్యాంకు సర్వరు పలకట్లేదు, మీరు చేయగలిగింది ఏమీ లేదు, ఇంకో బ్యాంకు కార్డు వాడండి. 05 మాత్రం మొండిది. 'కారణం చెప్పం, ఒప్పుకోం' అని దాని అర్థం. బ్యాంకు మోసం అనుమానించినప్పుడూ అదే, ఖాతా ఆపేసినప్పుడూ అదే. దానికి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయక తప్పదు.

కోడ్ ఏదైనా సరే, ప్లాస్టిక్ కార్డు తాకిస్తే పనిచేసి ఫోన్ మాత్రం 'డిక్లైన్డ్' అంటుంటే, టోకెన్ పాడైందని అనుకోవచ్చు. యాప్‌లోంచి కార్డు తీసేసి, ఫోన్ ఆపి పెట్టి, మళ్ళీ కలపండి. గూగుల్ ప్లే సర్వీసెస్ అప్‌డేట్ కూడా అప్పుడే చూసుకోండి. యాప్ డేటా మొత్తం చెరిపేయడం చివరి మందు. యూపీఐ కూడా మళ్ళీ రిజిస్టర్ చేసుకోవాల్సి వస్తుంది.

నెట్ లేకుండా ట్యాప్ పనిచేస్తుందా అని అడుగుతుంటారు. కొంతవరకు పనిచేస్తుంది. ఒక్కసారికే చెల్లే కోడ్‌ల తయారీకి కావాల్సిన కీలను ఫోన్ ముందే కొన్ని తెచ్చిపెట్టుకుంటుంది. అవి అయిపోతే మళ్ళీ నెట్ తగలాలి. సెల్లార్‌లోని షాపులో రెండు మూడు బిల్లులు సాఫీగా కట్టి, తర్వాతిది ఆగిపోతే బయటికొచ్చి డేటా తగలనిచ్చి చూడండి.

మెషీన్ తప్పైతే

మెషీన్‌లో కూడా సిమ్మే ఉంటుంది. మాల్ లోపలి మూల దుకాణంలో దానికి సిగ్నల్ అందక 'కనెక్షన్ ఎర్రర్' అంటుంది. షాపువాళ్ళు దాన్ని పట్టుకుని గుమ్మం దగ్గరికి నడవడం మీరు చూసే ఉంటారు, అది సరైన వైద్యమే. కొన్ని షాపుల మెషీన్లలో ట్యాప్ సదుపాయం ఆన్ చేయించుకోరు, గుర్తు మాత్రం ఉంటుంది. అక్కడ అందరి కార్డులకూ 'ఇన్సర్ట్ కార్డ్' వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, రెండోసారి తాకించే ముందు ఆగడం. మెషీన్ మధ్యలో ఆగిపోతే మొదటిది బ్యాంకు దాకా వెళ్ళిందో లేదో మీకూ తెలియదు, క్యాషియర్‌కూ తెలియదు. బ్యాంకు మెసేజ్ చూడండి, బ్యాంకు యాప్‌లో ఆఖరి లావాదేవీ చూడండి. మెషీన్‌లో చివరి లావాదేవీ స్లిప్‌ను మళ్ళీ ముద్రించే వీలుంటుంది, దాన్ని తీయమనండి. అందులో 'అప్రూవ్డ్' ఉండి ఆరంకెల అప్రూవల్ కోడ్ ఉంటే డబ్బు కట్టినట్టే.

డబ్బు కట్ అయింది, స్లిప్ రాలేదు

షాపువాళ్ళతో వాదించి లాభం లేదు, డబ్బు వాళ్ళ దగ్గరికి చేరి ఉండదు. 2019 సెప్టెంబరు 20 నాటి ఆర్‌బీఐ ఉత్తర్వు ప్రకారం, మెషీన్ దగ్గర ఖాతాలోంచి డబ్బు కట్ అయి, షాపుకు ధ్రువీకరణ రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా ఆ డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. అప్పటికీ రాకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ బ్యాంకు ₹100 కట్టివ్వాలి. షాపులో యూపీఐతో కట్టినదానికీ ఇదే లెక్క.

ఆరో రోజున బ్యాంకుకు రాసేటప్పుడు తేదీ, సమయం, మొత్తం, షాపు పేరు, ఆ లావాదేవీని గుర్తించే 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్ నంబరు ఉంటే రాయండి. ఆర్‌ఆర్‌ఎన్ స్లిప్ మీద ఉంటుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఫోన్‌తో కట్టిన స్లిప్ మీద కార్డు చివరి నాలుగంకెలు మీ ప్లాస్టిక్ కార్డువి కాకపోవచ్చు. అవి టోకెన్‌వి. ఆ అంకెలు యాప్‌లో కార్డు వివరాల్లో కనబడతాయి. 'ఈ నంబరు మా కార్డుది కాదు' అని కంగారుపడక్కర్లేదు. వస్తువు వెనక్కిచ్చి రీఫండ్ అడిగేటప్పుడు కూడా షాపువాళ్ళు సరిచూసేది ఆ అంకెలనే. అందుకే కట్టిన ఫోన్‌నే పట్టుకెళ్ళండి.

బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోయినా, కాదన్నా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, రుసుము లేదు. వివరాలకు 14448.

ఫోన్ పోతే

ముందు గూగుల్ 'ఫైండ్' సేవ ద్వారా ఫోన్‌ను లాక్ చేయండి లేదా చెరిపేయండి. తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి ఆ ఫోన్‌లోని టోకెన్ ఆపమనండి. టోకెన్ ఆపితే ప్లాస్టిక్ కార్డు మామూలుగానే పనిచేస్తుంది, కొత్త కార్డు అక్కర్లేదు. కాల్ తీసినవాళ్ళకు ఈ తేడా తెలియక కార్డే బ్లాక్ చేయబోతే 'టోకెన్ మాత్రమే' అని నొక్కి చెప్పండి. మీరు చేయని లావాదేవీ కనబడితే వెంటనే బ్యాంకుకు చెప్పండి. మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేని చోట, మెసేజ్ అందాక 3 పనిదినాల్లోపు చెబితే నష్టం మీ మీద పడదని 2017 జులై నాటి ఆర్‌బీఐ ఉత్తర్వు చెబుతుంది. సైబర్ మోసమైతే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి కూడా ఫోన్ చేయండి.

యూపీఐ ట్యాప్

క్యూఆర్ స్టాండులో ఎన్‌ఎఫ్‌సీ ట్యాగ్ పెట్టి ఉంటే, ఫోన్ తాకించగానే యూపీఐ యాప్ తెరుచుకుని షాపు పేరు వస్తుంది. అంటే స్కాన్ చేసే పని తప్పిందంతే, మొత్తం కొట్టి యూపీఐ పిన్ ఇవ్వాల్సిందే. ఇక్కడ నెట్ కావాలి. తాకిస్తే వేరే యాప్ తెరుచుకుంటే, ఫోన్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ యాప్‌ల దగ్గర లింకులు తెరిచే యాప్ మార్చండి. షాపు పేరు వేరేగా వస్తే కట్టకండి. క్యూఆర్ మీద క్యూఆర్ అంటించినట్టే ట్యాగ్ మీద ట్యాగ్ అంటించవచ్చు.

యూపీఐ లైట్‌లో పిన్ అక్కర్లేదు, కానీ ముందు డబ్బు నింపి ఉండాలి. 2024 అక్టోబరులో ఆర్‌బీఐ ప్రకటించిన పెంపుతో ఒక్కో చెల్లింపు ₹1,000 దాకా, నిల్వ ₹5,000 దాకా వచ్చింది. పాత పరిమితులు ₹500, ₹2,000. లైట్‌లో డబ్బున్నా పిన్ అడిగితే బిల్లు ఆ ఒక్కో చెల్లింపు పరిమితిని దాటి ఉంటుంది, లేదా చెల్లించే ఖాతాగా బ్యాంకు ఎంచుకుని ఉంటుంది.

దేశం దాటాక

ఇక్కడి కార్డుతో విదేశంలో ట్యాప్ చేయాలంటే బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం, అందులోనూ కాంటాక్ట్‌లెస్ విడిగా ఆన్ చేయాలి. విమానం ఎక్కకముందే చేయండి, అక్కడ దిగాక ఓటీపీ రాకపోతే ఇబ్బంది.

పిల్లల దగ్గరికి లండన్ వెళ్ళే తల్లిదండ్రులు తరచుగా నష్టపోయేది ట్యూబ్ (భూగర్భ) రైలు గేట్ల దగ్గర. ఏ వస్తువుతో లోపలికి వెళ్ళారో దానితోనే బయటికి రావాలి. ఫోన్‌తో వెళ్ళి ప్లాస్టిక్ కార్డుతో బయటికొస్తే, రెండూ ఒకే ఖాతావైనా, గేటు లెక్కలో వేర్వేరు. టోకెన్ నంబరు వేరు కదా. రెండు సగం ప్రయాణాలుగా లెక్కేసి, రెండింటికీ గరిష్ఠ ఛార్జీ వేస్తుంది. ఫోన్‌లోని కార్డు, చేతి వాచీలోని అదే కార్డు కూడా వేర్వేరే. కాబట్టి గేటు దగ్గర ఫోన్ ఛార్జింగ్ అయిపోతుందేమో అనిపిస్తే, ఆరోజు మొదటినుంచీ ప్లాస్టిక్ కార్డే వాడండి. ఇద్దరు కలిసి వెళ్తుంటే ఒకే ఫోన్‌తో ఇద్దరికీ తాకించడం కుదరదు, ఎవరి కార్డు వాళ్ళకుండాలి. ఛార్జీ తప్పుగా పడిందనిపిస్తే ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ వెబ్‌సైట్‌లో సరిచేయమని అడగొచ్చు.